నేను వదిలేసిన తొమ్మిది పేజీలు

మా మావయ్య ఇంగ్లీషు రెండు చోట్ల నేర్చుకున్నాడు. ఒకటి బస్సు డిపోలో స్పేరు పార్టుల కేటలాగులు, రెండోది పాతకాలపు బ్రిటిష్ హత్యల నవలలు. అందుకని ఆయనకి గాస్కెట్ తెలుసు, శవపరీక్ష తెలుసు, ఆ రెండింటికీ మధ్యనున్న ఇంగ్లీషు మాత్రం రాదు. ఎవరైనా ఇంగ్లీషులో కుశలం అడిగితే నీళ్ళు నములుతాడు. అదే "శుక్రవారం తొమ్మిదికీ పదికీ మధ్య మీరెక్కడున్నారు?" అని అడగమంటే తడుముకోకుండా అడిగేస్తాడు.

డిపోలో ఆయన స్టోర్‌కీపరు. ఇరవై ఆరేళ్ళుగా అదే గది. పైకప్పు దాకా ఇనప అరలు, గ్రీజు వాసన, కొత్త రబ్బరు వాసన, ముందు ఒక చెక్క కౌంటరు. మెకానిక్కులు ఆయన్ని కంప్యూటర్ బాబాయ్ అంటారు. నిజం కంప్యూటర్ వచ్చాక కూడా ఆ పేరు పోలేదు. అది వారానికి రెండుసార్లు మొరాయిస్తుంది, ఈయన మొరాయించడు. ఒకసారి కరెంటు పోయి గదంతా చీకటైతే, ఎవరో తెచ్చిన అరిగిపోయిన బేరింగుని వేళ్ళతో తడిమి, అరల మధ్యకి వెళ్ళి, అగ్గిపుల్ల కూడా గీయకుండా దాని జోడీ తెచ్చి చేతిలో పెట్టాడట. ఇది హెడ్ మెకానిక్ చెప్పాడు. ఆయన్ని అక్కడ అందరూ మేస్త్రీ అంటారు, మనిషి కోతలు కోసే రకం కాదు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుకుని, బేరింగుల అట్టపెట్టెకి పుస్తకం ఆనించి చదువుకునేవాడు మావయ్య. ఆఖరి అధ్యాయం ముందు ఆపేసేవాడు. హంతకుడెవరో తేల్చుకుని, ఎందుకో మేస్త్రీకి చెప్పి, ఆ తర్వాతే పేజీ తిప్పేవాడు. తప్పడం చాలా అరుదు. తప్పితే ఆ పూట మేస్త్రీకి టీ.

అలాంటి మనిషికి మెదడువాపు జ్వరం వచ్చింది. మూడు రోజులు స్పృహ లేదు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికొచ్చిన మొదటి వారం అత్తయ్యని మా అమ్మ పేరు పెట్టి పిలిచాడు. దువ్వెనని ఏమంటారో గుర్తు రాక, తల చూపించి "దీనికి వాడేది" అన్నాడు. మెల్లగా మాటలన్నీ తిరిగొచ్చాయి గానీ చూపు కుదురుకోలేదు. అక్షరాలు రెండేసి కనిపించేవి. రెండు నెలలు పుస్తకం ముట్టుకోవద్దన్నాడు డాక్టరు.

అత్తయ్య రెడీమేడ్ బట్టల యూనిట్లో కాజాలు కుడుతుంది. పొద్దున వెళితే సాయంత్రం ఆరుకి వస్తుంది. పగలు ఆయన దగ్గర ఎవరుండాలి? ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే. కాలేజీ రెండో సంవత్సరంలో మానేశాను. మానేసిన సంగతి నాలుగు నెలలు దాచి, రోజూ బ్యాగు తగిలించుకుని బయటికెళ్ళేవాణ్ణి. అది బయటపడిన రోజు నాకు క్లాసు పీకని మనిషి మావయ్య ఒక్కడే. "మానేస్తే మానేశావు, నాలుగు నెలలు ఆ బ్యాగు ఎందుకు మోశావురా?" అన్నాడంతే.

"వెళ్ళి మావయ్యకి తోడుండు. అక్కడైనా కాస్త ఒక్కచోట కూర్చోవడం నేర్చుకో" అంది అమ్మ.

కూర్చోవడం నాకు చేతకాదు. పది నిమిషాలు దాటితే కాళ్ళు వాటంతటవే ఊగుతాయి.

మొదట ఇంగ్లీషులోనే చదివాను. అర పేజీ కాగానే మావయ్య చెయ్యెత్తాడు.

"ఆపరా అల్లుడూ. నీ ఇంగ్లీషుకి నాకు మళ్ళీ జ్వరం వచ్చేలా ఉంది. నువ్వు చదువుకుని తెలుగులో చెప్పు."

"అంతా చెప్పాలా?"

"అంతా. చెత్తబుట్టలో ఏముందో కూడా చెప్పాలి. వీళ్ళు అసలు సంగతి అక్కడే పెడతారు."

కాలక్షేపం కోసం కాదది. సెలవు అయిపోవస్తోంది. డాక్టరు ఆయన్ని ఇవాళ ఏ వారమని అడిగాడు, వందలోంచి ఏడు తీస్తే ఎంతని అడిగాడు, అంతా బాగుందన్నాడు. మావయ్యకి ఆనలేదు.

"ఆయనడిగినవి చంటిపిల్లలు చెప్తారురా. మూడు రకాల బస్సులకి బ్రేకు సామాను చూడ్డానికి ఒకేలా ఉంటుంది. నేను ఒకదానికి బదులు ఇంకోటి ఇచ్చాననుకో, యాభై మంది. అక్కడ వందలోంచి ఏడు కాదు."

అందుకని పరీక్ష తనే పెట్టుకున్నాడు. తను చదవని నవలలు మూడు. పాత పుస్తకాల షాపులో తిరిగి నేనే తెచ్చాను. మూడింటిలోనూ హంతకుణ్ణి ముందే పట్టుకుంటే బుర్ర బాగున్నట్టు, సోమవారం డ్యూటీకి వెళ్తాడు. ఒక్కటి తప్పినా స్టోరు వదిలేసి ఇంకేదైనా పని ఇమ్మని రాసిచ్చేస్తాడు. అత్తయ్య నెత్తి కొట్టుకుంది. "ఎవడో దొర చస్తే మీ ఉద్యోగానికేంటండీ సంబంధం?" అంది. మావయ్య నవ్వాడు గానీ మాట మార్చలేదు. ఫోనులో మేస్త్రీకి కూడా ఈ పందెం సంగతి చెప్పేశాడు.

మొదటిది పట్టుకున్నాడు. రెండోది పట్టుకోవడమే కాదు, రాసినాయన మర్చిపోయిన రెండు ఆధారాలు కూడా చెప్పాడు. ఆ రోజు ఆయన మొహం చూడాలి. చాలా రోజుల తర్వాత తనే గడ్డం గీసుకున్నాడు.

మూడోదాంట్లో ఒక ముసలి దొర, మొక్కలు పెంచుకునే గాజు గదిలో చచ్చి పడుంటాడు. బయట తాళం. తాళంచెవి దొర దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. అనుమానితులు ఐదుగురు. బుధవారానికి పుస్తకం సగం దాటింది. అప్పుడొచ్చింది ఒక అధ్యాయం. ఊళ్ళో పూల ప్రదర్శన. తొమ్మిది పేజీలు. ఏ డేరా కింద ఏ పువ్వుంది, దానికి రేకులెన్ని, ఎవరి టోపీ ఏ రంగు. ఆ మధ్యాహ్నం నాకు మ్యాచ్ ఉంది. ఓపెనింగ్ బ్యాటింగ్ నాది. ఫోను జేబులో మూడుసార్లు వణికింది.

లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. తొమ్మిది పేజీలు తిప్పేసి, "ఆ తర్వాత పాస్టరు గారింటి మెట్ల మీద..." అని మొదలుపెట్టాను. పూల గొడవ ఎవడిక్కావాలి అనుకున్నాను. మ్యాచ్‌లో నాలుగు పరుగులకి అవుటయ్యాను.

శుక్రవారం ఆఖరి అధ్యాయం ముందు ఆపాను. మావయ్య దిండుకి ఆనుకుని పావుగంట కళ్ళు మూసుకున్నాడు.

"వకీలు" అన్నాడు. కారణాలు చెప్పాడు. ఒక్కొక్కటీ బిగించిన నట్టులా ఉంది. "అయినా ఏదో వదులుగా ఉందిరా. ఆ తాళంచెవి సంగతి తెగట్లేదు. సరే, చదువు."

చదివాను. డిటెక్టివు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఒక్కొక్కర్నీ తప్పిస్తున్నాడు. వకీలు తప్పించుకున్నాడు. మావయ్య పెదవి కొరుక్కున్నాడు. తర్వాతి వాక్యం ఆలోచించకుండానే తెలుగులో చెప్పేశాను. "పాస్టరు గారి భార్య పూల ప్రదర్శనలో పెట్టిన ఆ తెల్ల పువ్వు, ఆ గాజు గదిలో తప్ప ఇంకెక్కడా పూయదు. అది మనమంతా చూశాం."

పేజీ మీద వేలు పెట్టి అక్కడే ఆపేశాను.

మావయ్య కళ్ళు తెరిచాడు. "పూల ప్రదర్శనా? అదెప్పుడు చెప్పావు?"

ఒక్క మాట చాలు. వదిలేశాను మావయ్యా అంటే నాలుగు తిట్లతో పోయేది. కానీ నోటికి అలవాటైన దారి ఇంకొకటి.

"చెప్పాను కదా మావయ్యా. మొన్న బుధవారం."

"చెప్పావా?"

"చెప్పాను. డేరాలూ, టోపీలూ... మొత్తం చెప్పాను."

ఆయన నన్ను అనుమానించలేదు. ఎదురుగా గోడవైపు చూస్తూ, లోపల ఏ అరలోనో వెతుకుతున్నట్టు కూర్చున్నాడు. పెదాలు కదిలాయి. డేరాలు, టోపీలు. చాలాసేపటికి, "లేదురా. అసలు లేనే లేదు" అన్నాడు. పుస్తకం మూసేయమన్నాడు.

శనివారం పొద్దున డిపో మేనేజరుకి ఉత్తరం రాయించాడు. ఆయనకి అక్షరాలు కుదరవు కాబట్టి రాసింది నేను. "నా జ్ఞాపకశక్తి మీద నాకు నమ్మకం లేనందున" అని ఆయన చెప్తుంటే, నా చేతిరాతతో, కొట్టివేతల్లేకుండా రాశాను. కింద సంతకం పెట్టాడు. సంతకం వంకర పోయింది. మళ్ళీ పెట్టనా అని అడిగాడు. అక్కర్లేదన్నాను.

ఆ ఉత్తరం డిపోకి తీసుకెళ్ళింది కూడా నేనే. స్టోరు కౌంటరు దగ్గర మేస్త్రీ, తాత్కాలికంగా వేసిన కొత్తాయన మీద అరుస్తున్నాడు. కొత్తాయన ఇచ్చిన ఫ్యాన్ బెల్టు పొట్టిదట.

"ఏరా అల్లుడూ!" నన్ను చూసి మేస్త్రీ మొహం వెలిగింది. "కంప్యూటర్ బాబాయ్ ఎప్పుడొస్తున్నాడు? ఈయన మా ప్రాణాలు తోడేస్తున్నాడు."

"వస్తాడు" అన్నాను.

"సోమవారమేగా? మూడోది కూడా పట్టేసుంటాడులే. టీ నాకు తప్పినట్టే."

ఉత్తరం నా చొక్కా జేబులో ఉంది. నవ్వాను కూడా. మెట్లెక్కి, మేనేజరు లేకపోతే ఆయన బల్ల మీద పేపర్‌వెయిట్ కింద పెట్టి, వెనక గేటు నుంచి వెళ్ళిపోయాను. ఉత్తరం ఇవ్వకుండా తిరిగి తెస్తే ఎందుకని అడుగుతాడు కదా. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి ఇచ్చేశాను.

ఆదివారం అత్తయ్య ఇంట్లో ఉంది. మావయ్య నా చేత తెల్ల కాగితాలు ముక్కలుగా కత్తిరించి, స్కెచ్ పెన్ను తెప్పించాడు.

"పెద్ద పెద్ద అక్షరాల్లో రాయి. ఉప్పు, పంచదార, కాఫీ పొడి. డబ్బాలకి అంటిద్దాం. బీరువా తాళాలు ఎక్కడో ఒక కాగితం, మీ అమ్మ ఫోను నంబరు ఒక కాగితం."

"ఇప్పుడవన్నీ ఎందుకండీ?" అంది అత్తయ్య.

"ఇప్పుడు కాదే. ముందు ముందు కావాలి కదా. నాకు తెలుస్తున్నప్పుడే సర్దేసుకుంటే నీకు సుళువు."

అత్తయ్య వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పింది గానీ గిన్నెల చప్పుడు రాలేదు. నేను ఉప్పు అని రాశాను. పంచదార అని సగం రాశాను.

"మావయ్యా, ఆ పూల ప్రదర్శన నేను చదవలేదు."

"ఏంటీ?"

"వదిలేశాను. తొమ్మిది పేజీలు. నువ్వడిగితే అబద్ధం చెప్పాను."

ఆయన నా భుజం తట్టాడు. "మంచివాడివేరా. నా కోసం ఇలాంటి కథలు కట్టకు."

తల కొట్టేసినట్టయింది. ఆ మాట కంటే చెంపదెబ్బ నయం. "మంచివాణ్ణి కాదు మావయ్యా! మ్యాచ్ ఉందని వదిలేశాను. నాలుగు పరుగులు కొట్టాను" అని అరిచాను. అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది.

మావయ్య చెయ్యి నా భుజం మీదే ఆగిపోయింది. మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు, నాతో కాదు, తనలో తను.

"బుధవారం. ఎదురుగా స్కూల్లో ఇంటి గంట ఇంకా కొట్టలేదు, నువ్వు అప్పటికే పుస్తకం మూసేశావు. మిగతా రోజుల్లో గంట కొట్టాక కూడా చదివేవాడివి. సాయంత్రం వచ్చినప్పుడు కుడి మోకాలి మీద ఎర్రమట్టి. మధ్యలో లేచి నీళ్ళు తాగావు. నీళ్ళకి ముందు కథలో ఎండ కాస్తోంది, జనం మైదానం వైపు నడుస్తున్నారు. నీళ్ళ తర్వాత పాస్టరు గారి మెట్ల మీద వాన. నాకు అప్పుడే అనిపించిందిరా, మధ్యలో ఏదో జారిపోయిందని. నాలోంచే జారిపోయిందనుకున్నాను."

అత్తయ్య అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. "అన్నీ గుర్తున్నాయి కదండీ. మోకాలి మీద మట్టితో సహా" అంది. ఏడుస్తూ నవ్వుతోంది.

ఆయన నవ్వలేదు. నా భుజం మీంచి చెయ్యి తీసేశాడు.

"చదవకపోతే పోయావు. నిన్ను అడిగాను కదరా. రెండుసార్లు అడిగాను."



సోమవారం పొద్దున డిపో ఆఫీసు తెరవకముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. మేనేజరు ముందు, మేస్త్రీ ముందు, బెల్టు మార్చుకోవడానికి వచ్చిన ఇద్దరు డ్రైవర్ల ముందు మొత్తం చెప్పాను. మ్యాచ్ సంగతి కూడా. మేనేజరు ఉత్తరం ఇంకా పైకి పంపలేదు. దాన్ని నా చేతికిస్తూ, "అంటే ఆయన బుర్రకేం కాలేదు. నీదే చూపించుకోవాలి" అన్నాడు. డ్రైవర్లు నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. శనివారం 'వస్తాడు' అని ఎందుకన్నావని కూడా నన్ను అడగలేదు. వెనక్కి తిరిగి తన పని చూసుకున్నాడు.

డాక్టరు కాగితం పట్టుకుని, మావయ్య ఆ గురువారమే డ్యూటీలో చేరాడు. చూపు కూడా నెలలో కుదుటపడింది, అప్పటిదాకా పార్టుల నంబర్లు కొత్తాయన చదివి చెప్పేవాడు. కౌంటరు దగ్గర మళ్ళీ ఆయన గొంతే వినిపిస్తోంది. నన్ను ఆయన ఒక్కమాట అనలేదు, ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇంటికెళితే అల్లుడూ అనే పిలుస్తాడు, ముందు నాకే పెట్టమంటాడు.

మొన్న వెళ్ళినప్పుడు మంచం మీద కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నాడు.

"టైమెంతైందిరా?" అన్నాడు.

ఫోను చూసి, "ఎనిమిదింపావు మావయ్యా" అన్నాను.

ఆయన "ఊఁ" అన్నాడు. తర్వాత, కావాలని కాదు, నాకు తెలుసు కావాలని కాదు, తలెత్తి గోడ గడియారం చూశాడు.