ముందుమాటకు మూడు కుట్లు

"మీ బైండింగు తాత పోనాడే. తెల్లారగట్లట" అని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు ఆఫీసులో ఉన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వేసింది భయం. ఆయన ఇచ్చిన పుస్తకం నా సంచిలోనే ఉంది. దాని గురించి ఒక్క మాటా చెప్పకుండా మూడు వారాలుగా ఆయన వీధి తప్పించి తిరుగుతున్నాను.

మీకు ఆయన తెలిసుండరు. వన్ టౌన్‌లో ఒక సన్నని వీధిలో, ఇంటి ముందుగదిలోనే పాత పుస్తకాలకూ కాలేజీ ప్రాజెక్టులకూ అట్టలు వేసి కుట్టేవారు. నా డిగ్రీ ప్రాజెక్టు అక్కడే ఇచ్చాను. మర్నాడు వెళ్తే పని కాలేదు.

"సదువుతన్నానమ్మా, సగమయింది. రొయ్యల గురించి బాగానే రాసినావు గానీ, మీ ఇంట్లో వోళ్ళు సెప్పిందేటీ రాయలేదేటి?" అన్నారు.

చేపలమ్మే ఇంట్లో పుట్టి బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను. నేను రాసింది ఎవరైనా చదువుతారని అప్పటిదాకా అనుకోలేదు.

కుట్టడానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఆయన చదివేవారు. ఇచ్చినవాళ్ళు వచ్చి పట్టుకుపోతే చదువు అక్కడితో ఆగిపోయేది. అందుకే చాలా కథల ముగింపులు ఆయనకు తెలియవు. "నాను సగం సదివినోణ్ణే" అని నవ్వేవారు. పుస్తకం ఎలా ఉందో అది చేతిలో ఉండగానే చెప్పుకోవాలన్న పట్టుదల ఆయనకు అలా వచ్చిందనుకుంటాను. ఆదివారం పొద్దున్న నేను వెళ్తే, మైదా జిగురు కలుపుతూ తను చదువుతున్నదాని సంగతి చెప్పి, "ఇప్పుడు నువ్వు సెప్పు" అనేవారు.

నాకు అదే భయం. పరీక్షలో తప్పు రాస్తే మార్కులు పోతాయి, అంతే. ఇక్కడ తప్పు చెప్తే నేనెంతదాన్నో తేలిపోతుందనిపించేది. మొదటి ఆదివారం, ఆయనిచ్చిన పుస్తకం ముందుమాటలోంచి నాలుగు వాక్యాలు బట్టీపట్టి అప్పజెప్పాను. జిగురు కలిపే చెయ్యి ఆగింది.

"ఇది నీ మాట కాదే పిల్లా. ముందుమాట రాసినాయన మాట. నానూ సదివినాను."

తలెత్తలేకపోయాను. మళ్ళీ ఇచ్చిన పుస్తకంలో ముందుమాట కాగితాలన్నీ దగ్గరకు చేర్చి, అంచున తెల్ల దారంతో మూడు కుట్లు వేసి ఉన్నాయి.

"నువ్వేటనుకున్నావో సెప్పినాక కత్తిరిద్దాం. అప్పుడు ఆయనేటన్నాడో ఇద్దరం సూద్దాం."

"తప్పు చెప్తే, తాతా?"

"మీ యమ్మ దగ్గిర సేప కొన్నోళ్ళు బాగోలేదని సెప్పడానికి బయపడతారేటి? మొగమ్మీదే అనీసి పోతారు. ఆళ్ళేటి సేపల సదువు సదివినారా?"

అలా నాలుగేళ్ళు. నేను భయపడుతూనే చెప్పేదాన్ని, ఆయన కత్తెర తీసేవారు. ముందుమాటలో నా మాటే కనిపిస్తే "సూసినావా!" అనేవారు. కనిపించకపోతే "ఈయనకి తట్టలేదు, నీకు తట్టింది" అనేవారు. రెండిట్లో ఏది జరిగినా ఆ పూటకి నాకు ధైర్యం వచ్చేది. మళ్ళీ ఆదివారానికి కరిగిపోయేది.

చివరగా ఇచ్చింది ఆయనకు ప్రాణమైన నవల. తనదే, మూడుసార్లు తిరగకుట్టుకున్నది. దాని ముందుమాటకూ మూడు కుట్లు వేసే ఇచ్చారు. ఒక పెద్ద కుటుంబం కథ. సగం దాకా చదివాను. ఆ ఇంట్లో అందరూ మాట్లాడతారు, రెండుపూటలా పళ్ళేలు తెచ్చిపెట్టే వంటావిడ తప్ప. రెండువందల పేజీల్లో ఆవిడకు పేరు లేదు, ఒక్క మాట లేదు. చదువుతుంటే నాకు కోపం వచ్చింది. ఆయన అంత ఇష్టపడ్డ పుస్తకాన్ని పట్టుకుని ఈ మాట ఎలా అనను? నొచ్చుకుంటారేమో. నాలుగేళ్ళు చెప్పించుకుని చివరికి ఇదా అనుకుంటారేమో. ఒక ఆదివారం జ్వరమన్నాను. ఇంకో ఆదివారం ఆఫీసు పనన్నాను. మూడోసారి ఫోనే ఎత్తలేదు.

పదోరోజున వెళ్ళాను. జనం వెళ్ళిపోయాక మామ్మ, ఆయన భార్య, నా సంచికేసి చూసింది.

"బుక్కు తెచ్చినావా?"

గబగబా తీసి చేతిలో పెట్టబోయాను.

"ఇచ్చీడవేటే? ముందు సెప్పు. ఆయన లేడని ఊరుకుంటావేటి?"

నేల చూస్తూ, వంటావిడ సంగతి మొత్తం చెప్పేశాను. నచ్చలేదన్న మాట కూడా అనేశాను.

"నాకు సదవడం రాదు. ఆయనే సదివి వినిపించీవోడు. 'మరి ఆ వంట సేసినావిడ ఏటీ అనదేటి?' అని ఎప్పుడో అడిగినాను. నవ్వీసి ఊరుకున్నాడు. నీకిచ్చినప్పుడు మాత్రం, 'ఈ పిల్ల కూడా అదే అంటాదేమో సూడాలే' అన్నాడు. మూడు ఆదివారాలూ గుమ్మంకేసే సూసినాడు."

నేను భయపడి దాచిన మాట కోసమే ఆయన ఎదురుచూశారు.

మామ్మ జిగురు మరకల కత్తెర తెచ్చి ఇచ్చింది. నా చెయ్యి ముందుకు రాలేదు. ఆయన నాకోసం వేసిన ఆఖరి కుట్లవి.

"ఇంకా సగముంది మామ్మా" అన్నాను.

"అయితే ఆదివారం రా. నాకు సదివి సెప్పు. బాగోపోతే నాను మాత్రం ఊరుకోను, తిట్టీస్తాను."

తిరుగు బస్సులో పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను. భయం పోలేదు. మూడు కుట్లనూ వేలితో తడిమి, ఆపిన చోట పేజీ తెరిచాను. వంటావిడ పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.