ముప్పై మందికి ఒకటే బిళ్ల

కర్నూలు శివార్లలో బడిపిల్లల యూనిఫాంలు కుట్టే షెడ్డులో నేను సూపర్‌వైజర్‌ని. ముప్పై మిషన్లు, ముప్పై మంది ఆడవాళ్లు, వాళ్ల మీద నోరు పారేసుకోవడానికి నేను. ఎవరైనా బాత్రూముకు వెళ్లాలంటే నా టేబుల్ మీదున్న చెక్కబిళ్ల అడిగి తీసుకెళ్లాలి. అందరికీ కలిపి ఒకటే బిళ్ల. అది తిరిగొచ్చేదాకా ఇంకొకరు లేవకూడదు. ఈ పద్ధతి పెట్టింది నేనే. పెట్టిన రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

బేతంచెర్ల నుంచి రైల్లో వచ్చే అక్క ఒకామె కాలర్లు కుట్టేది. నేనూ మిషన్ మీద కూర్చున్న రోజుల్లో, కాలరు మూల ముడత పడకుండా తిప్పడం నాకు నేర్పింది ఆమే. మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మిషన్ మీదికే ఒరిగిపోయింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. నీళ్లు తాగకుండా, మూత్రం బిగబట్టుకుని ఇన్ఫెక్షన్ తెచ్చుకుందని, ఇలాగే ఉంటే కిడ్నీలు పోతాయని డాక్టరమ్మ కోప్పడింది. నేను అంతకన్నా ఎక్కువ కోప్పడ్డాను.

"క్యాను నిండా చల్లటి నీళ్లు పెట్టిస్తాండా కదక్కా! తాగేకి ఏమి రోగం నీకు?"

సెలైన్ ఎక్కుతున్న చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. "తాగితే పోవల్ల గదమ్మా. పోవల్లంటే అందరి ముందర నీ దగ్గరికొచ్చి నిలబడల్ల. శానా సిగ్గయితాది. అందుకే పొద్దున ఇంట్లోనే ఒక గుక్క తాగొస్తా. నేనొక్కదాన్నే కాదులే, అందరమూ అంతే."

ఆ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. ఒక మాట తిట్టినా బాగుండేదనిపించింది.

మరుసటి రోజే ఓనరు దగ్గరికెళ్లి బిళ్ల తీసేస్తానని చెప్పాను. "ఆర్డరు లేటయితే నీ ఉద్యోగం పోతాది, చూసుకోమ్మా" అన్నాడు. పోతే పోనీ అన్నాను. ఆర్డరు లేటవలేదు.

వారం తర్వాత అక్క పనిలోకి వచ్చింది. ఇకమీద ఎవరినీ అడగనక్కర్లేదని చెప్పి, గ్లాసు నీళ్లు నేనే చేతికిచ్చాను. మొత్తం తాగింది. కాసేపటికి చూస్తే మిషన్ ఆపేసి, ఇబ్బందిగా కదులుతూ నా వైపే చూస్తోంది.

"అడగొద్దన్నా కదక్కా, పో."

సిగ్గుపడుతూ లేచింది. "అలవాటయిపోయిందమ్మా. ఇంట్లో గూడా లేచే ముందర ఎవురినో అడగల్లనిపిస్తాది."

ఆమె వెళ్లి వచ్చేదాకా నేను తలెత్తలేకపోయాను.