ఎర్ర తువ్వాలు, తొమ్మిది చుక్కలు

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాకావ్యం. ఇందులో మూడు జీపుల కాన్వాయి ఉంది, మిద్దె మీద కాపలా ఉంది, ఎన్నికల ఊరేగింపు ఉంది, నడిరోడ్డు మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని జీపుల వెనక నక్కిన నలభై మంది మగవాళ్లు ఉన్నారు. అంతా నా కళ్లతో చూసిందే.

కాకపోతే ఇది అరటిపండ్ల సంగతి. ముందే చెప్పేస్తే మంచిది. తర్వాత నన్ను తిట్టుకొని లాభం లేదు.

ప్రొద్దుటూరులో డిప్లొమా ముగించి, ఇంట్లో ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పి టీ అంగడి ముందు కూర్చునే రోజుల్లో నాకు అన్న దగ్గర పని దొరికింది. అన్నంటే తోడబుట్టినవాడు కాదు. మా వైపు నలుగురిని భయపెట్టగలిగినవాడూ, నలుగురికి అన్నం పెట్టగలిగినవాడూ అన్నే. ఈయన మొదట అదీ, తర్వాత ఇదీ. వాళ్ల నాయన ఉన్న కాలంలో జమ్మలమడుగు పక్కన ఉన్న వాళ్ల ఊరు దాటాలంటే మూడు జీపులు కదిలేవట. ఏ జీపులో ఎవరున్నారో డ్రైవర్లకే తెలిసేది కాదట. తర్వాత కొన్ని కేసులు కొట్టేశారు, కొన్ని రాజీ అయ్యాయి, మిగిలినవాళ్లకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి. ఫ్యాక్షన్‌ను మేమే రూపుమాపామని ప్రతి ఎన్నికల్లో రెండు పార్టీలూ కొట్లాడుకుంటాయి గానీ, నన్నడిగితే ఆ ఘనత మోకాళ్లది.

నేను చేరేనాటికి అన్నకు మొత్తం తొమ్మిది చల్లగదులు. పులివెందులలో తొండూరు రోడ్డు మీద అరటికాయలు మాగబెట్టేవి నాలుగు, ప్రొద్దుటూరులో చింతపండు, మిరపకాయలు దాచేవి మూడు, జమ్మలమడుగు ఐసు ఫ్యాక్టరీలో రెండు. పొద్దున లేస్తే అన్న మూడు ఊర్లకూ ఫోను చేసి ఎట్ల ఉందని అడిగేవాడు. మూడు ఊర్ల నుంచీ ఎప్పుడూ ఒకటే జవాబు, బాగుందని. మా దగ్గర పనివాడు అన్నకు ఫోనులో చెడ్డమాట చెప్పడు. అది పాతకాలం అలవాటు. ఆ రోజుల్లో ఫోనులో చెడ్డమాట వినబడితే జీపులు కదిలేవి. అందుకని ఫోనులో అంతా మంచే చెప్పి, చెడ్డది ఏదైనా ఉంటే ఎదురుగా వచ్చి చెవిలో చెప్పేవాళ్లు. మనిషి సంగతికి ఆ పద్ధతి సరిపోయింది గానీ అరటికాయకు సరిపోలేదు. కాయ ఉడికిపోయిందన్న కబురు పులివెందుల నుంచి బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చి చెవిలో పడేసరికి, ఆ కాయను ఆవులు కూడా తినేవి కావు.

అందుకని అన్న ఒక యాప్ కొన్నాడు. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి గదిగదికీ ఒక చిన్న డబ్బా బిగించి పోయాడు. ఫోను తెరిస్తే తొమ్మిది చుక్కలు. ఆకుపచ్చగా ఉంటే గది బాగుందని. పసుపు అయితే కాస్త చూసుకోండని. ఎరుపైతే పరుగెత్తండని. చుక్క కింద గదిలో ఎంత వేడి ఉందో చీమ తలకాయంత అంకె. ఆ చుక్కలు చూడడమే నా ఉద్యోగం. మా అమ్మ వీధిలో అందరికీ కంప్యూటర్ ఉద్యోగమని చెప్పింది. నేను కాదనలేదు.

యాప్ వచ్చిన వారానికే అన్నకు ఒక ఆలోచన వచ్చింది. పులివెందుల గదుల దగ్గర ఉన్న ముసలి కాపలాదారు ఇంకెందుకని.

ఆయనను నేను మామా అనేవాణ్ణి. అందరూ అంతే. జీపుల కాలంలో అన్నావాళ్ల మిద్దె మీద కూర్చొని దారి కాపలా కాసింది ఈయనే. పిట్టగోడ మీద తెల్ల తువ్వాలు ఉంటే దారి బాగుంది, రండి అని. ఎర్ర తువ్వాలు ఉంటే వెనక్కి తిరగండి అని. ఒకసారి ఎర్ర తువ్వాలు చూసి మూడు జీపులూ ఊరి బయట రాళ్లగుట్ట దగ్గర మధ్యాహ్నం దాకా ఎండలో ఆగిపోయాయి. లోపల ఉన్నవాళ్లు దేవుళ్లకు మొక్కుకున్నారు, ఒకాయన గండి ఆంజనేయస్వామికి గుండు ఇస్తానన్నాడు. తీరా చూస్తే మామ తువ్వాలు ఉతికి ఆరేసుకున్నాడు. గుండు మాత్రం ఇవ్వక తప్పలేదు.

పులివెందులకు వచ్చాక మామ పని గదుల తలుపులు చూసుకోవడం. ప్రతి గంటకూ నాలుగు తలుపుల మీదా చేతి వెనకభాగం ఆనించి, పిల్లవాడికి జ్వరం చూసినట్టు చూసేవాడు. తలుపు సందు దగ్గర ముక్కు పెట్టి వాసన పీల్చేవాడు. ఆదివారం పొద్దున మాత్రం తెల్ల బట్టలు కట్టుకొని రెండు గంటలు చర్చికి పోయేవాడు. అన్న దాన్నే పట్టుకున్నాడు. యాప్ చర్చికి పోదు కదా అన్నాడు. నెలాఖరుకు మామను ఇంటికి పంపించేయాలని, ఆ మాట నన్నే చెప్పమన్నాడు.

నేను పోయి తలుపుల పక్కన నిలబడి, టెక్నాలజీ గురించి పది నిమిషాలు మాట్లాడాను. మామ అంతా విని ఒకటే అడిగాడు.

“అయితే నేను యాడికి పోవాల అబ్బీ?”

నేను ఫోను జేబులో పెట్టుకున్నాను. ఆయనకు ఇల్లంటే గదుల పక్కన రేకుల షెడ్డే. ఊళ్లో ఉన్న ఇల్లు గొడవల్లో పోయింది, మళ్లీ కట్టుకోలేదు. కొడుకులు లేరు, ఉన్న కూతురు చిలమకూరులో అద్దె ఇంట్లో అయిదుగురితో ఉంది. ఆ రోజు నేను తిరిగి వస్తూ బస్సులో చుక్కలు చూసుకుంటూ కూర్చున్నాను. తొమ్మిదీ ఆకుపచ్చగానే ఉన్నాయి. అన్నం మాత్రం సహించలేదు. రాత్రికి సహించింది, అది వేరే సంగతి.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి, అన్న తన పార్టీ తరఫున తిరగడం మొదలుపెట్టాడు. ఎదుటి పార్టీ రంగు పసుపు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అన్న వ్యాపారమంతా పచ్చికాయలను పసుపురంగు పండ్లు చేయడం. దానికి ఆయనకు అభ్యంతరం లేదు. ఫోనులో పసుపు చుక్క కనబడితే మాత్రం అభ్యంతరం.

అది కూడా ఊరికే రాలేదు. ఒకరోజు ప్రొద్దుటూరులో పార్టీ ఆఫీసులో కూర్చొని ఉండగా జిల్లా అంతటా కరెంటు పోయి వచ్చింది. అన్న ఫోనులో ఆరేడు చుక్కలు ఒక్కసారిగా పసుపయ్యాయి. పక్కన కూర్చున్నాయన తొంగి చూశాడు. చూసినవాడు చూసినట్టు ఊరుకోకుండా బయటికి పోయి టీ తాగాడు. సాయంత్రానికి జమ్మలమడుగులో అన్న పార్టీ మారుతున్నాడని చెప్పుకున్నారు. మరుసటి రోజు పొద్దునకు పులివెందులలో మారిపోయాడని చెప్పుకున్నారు. ఎదుటి పార్టీవాళ్లు ఒక దండ కూడా పంపించారు.

అన్న నన్ను పిలిచి ఫోను నా ముందు పెట్టాడు.

“ఒరేయ్, ఆ రంగు తీసెయ్.”

“అది జాగ్రత్త రంగు అన్నా. తీసేస్తే యాడ వేడి అయితాందో తెల్దు.”

“ఉండే రంగులోనే కలిపెయ్. ఓట్లు అయినాంక మళ్లా పెట్టుకుందాం.”

సెట్టింగులలో పసుపును ఆకుపచ్చ చేయడానికి నాకు పట్టింది అర నిమిషం. ఆలోచించడానికి అంత కూడా పట్టలేదు. ఇప్పుడు మా యాప్‌లో బాగుంటే ఆకుపచ్చ, బాగలేకపోతే కూడా ఆకుపచ్చ. హైదరాబాదు నుంచి అంత ఖర్చు పెట్టి తెచ్చిన యాప్‌కు మా పనివాళ్ల అలవాటు నేర్పించాను. అది కూడా ఇక అన్నకు చెడ్డమాట చెప్పదు.

మామను పంపించేయాల్సిన నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులు ఉందనగా ఊరేగింపు జరిగింది. తొండూరు నుంచి పులివెందులకు. ముందు తప్పెట్లు, వెనక అయిదు జీపులు, మొదటి జీపులో నిలబడి దండం పెడుతున్న అన్న, ఆయన వెనక ఆయన ఫోనూ నా ఫోనూ పట్టుకొని నేను. అప్పటి ఎండ గురించి రాయను, కడప జిల్లావాళ్లకు తెలుసు, మిగిలినవాళ్లు నమ్మరు. అన్న నిమిషానికొకసారి వెనక్కి తిరగకుండానే గదులు ఎట్లున్నాయని అడుగుతున్నాడు. నేను తొమ్మిదీ ఆకుపచ్చే అన్నా అంటున్నాను. అబద్ధం కాదు. నా ఫోనుకు నాలుగుసార్లు మామ కాల్ వచ్చిందని తర్వాత చూశాను. తప్పెట్ల మోతలో నా పెండ్లి కబురు వచ్చినా వినబడేది కాదు.

మా గదులు కనబడే మలుపు తిరిగాం. కాంపౌండు గోడ మీద, రోడ్డుకు ఎదురుగా, ఎర్ర తువ్వాలు.

తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ సేపు పడుతుంది, జరగడానికి పట్టలేదు. అన్న చేయి పైకెత్తాడు. అంతే. ఇరవై ఏళ్లుగా తువ్వాలు చూసి ఆగాల్సిన అవసరం రాని డ్రైవరు బ్రేకు తొక్కాడు. వెనక నాలుగు జీపులూ ఆగాయి. తలనెరిసినవాళ్లంతా ఒక్క మాట అనుకోకుండా జీపుల వెనక నక్కారు. వాళ్లను చూసి పిల్లకాయలూ నక్కారు, ఎందుకో వాళ్లకు తెలియదు. తప్పెట్లు కొట్టేవాళ్లు తప్పెట్లు నెత్తిన పెట్టుకొని కాలువలో దిగారు. అందులో నీళ్లు లేవు కాబట్టి సరిపోయింది. రోడ్డు మీద మిగిలింది నేనొక్కణ్ణే. ధైర్యం కాదు. యాప్ చూస్తూ ఉండిపోయాను.

“అన్నా, తొమ్మిదీ ఆకుపచ్చగానే ఉండాయి,” అన్నాను.

జీపు సీటు కింద నుంచి అన్న గొంతు వచ్చింది. “తువ్వాలు ఎర్రది ఏసినాడు రా.”

అప్పుడు గేటు తెరుచుకొని మామ బయటికి వచ్చాడు. చేతిలో ఆయుధం లేదు. ఒక అరటిపండు ఉంది. తీరిగ్గా నడుచుకుంటూ మొదటి జీపు దాకా వచ్చి, వంగి, సీటు కిందికి చూసి, అన్న చెవి ఎక్కడుందో వెతుక్కొని అందులో చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి వినబడింది.

“మూడో గది ఉడికిపోతాంది సామీ.”

నేను అప్పుడు చుక్క కింద అంకె చూశాను. గదిలో ఉండాల్సినదానికంటే ఆరు డిగ్రీలు ఎక్కువ ఉంది, చుక్క ఎర్రబడడానికి ఇంకా రెండు తక్కువ. ఆకుపచ్చగా, ముద్దుగా మెరుస్తోంది. అన్న లేచి, పంచె దులుపుకొని నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. ఆ రంగు తీసేయమన్నది ఎవరో ఆయనకూ గుర్తొచ్చినట్టుంది. మామ వైపు తిరిగాడు.

“ఫోను చేయొచ్చు కదా మామా.”

“చేస్తాండా సామీ, నీ కంప్యూటరోడు ఎత్తడంల్యా. తువ్వాలైతే ఎత్తాల్సిన పనిల్యా.”

దాక్కున్నవాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఒకాయన చెప్పు తెగిందని కూర్చున్నానన్నాడు. ఇంకొకాయన జీపు టైర్లలో గాలి చూస్తున్నానన్నాడు. కాలువలో ఉన్నవాళ్లు ఏమీ చెప్పకుండా మళ్లీ తప్పెట్లు మొదలుపెట్టారు. అదే మర్యాద.

అందరం లోపలికి పోయాం. ఓట్లడగడానికి వచ్చిన నలభై మందీ చొక్కాలు విప్పి, బాగున్న గెలలను మూడో గది నుంచి ఖాళీగా ఉన్న నాలుగో గదికి మోశారు. అన్న కూడా ఒక గెల మోశాడు. నేను రెండు మోశాను, ఎందుకంటే తప్పు నాది. మామ గోడకు ఆనుకొని నిలబడి, ఒక్కో కాయనూ నొక్కి చూసి ఇది అటు, ఇది ఇటు అని చెబుతూ ఉంటే, ఆ సాయంత్రం ఆ కాంపౌండులో నాయకుడు ఎవరో వేరే చెప్పాల్సిన పని లేదు. ముప్పాతిక సరుకు దక్కింది. మిగిలింది తొందరపడి పండిపోయింది, ఆ రోజే తినేయాలి. పారేయడానికి అన్నకు మనసొప్పలేదు. ఊరేగింపులో అందరికీ పంచమన్నాడు.

అట్ల మా ఊరేగింపు పులివెందుల నడిబజారులోకి ప్రవేశించింది. ముందు తప్పెట్లు, వెనక జీపులు, ప్రతి మనిషి చేతిలో మిసమిసలాడే పసుపు పండు. నినాదాలు ఇచ్చేటప్పుడు పండున్న చేయే పైకి లేచేది. రోడ్డు పక్కన నిలబడినవాళ్లు చూశారు, ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు, ఫోనులు తీశారు. రాత్రికి ఎదుటి పార్టీవాళ్ల దగ్గర నుంచి రెండో దండ వచ్చింది.

అన్న ఈసారి కోప్పడలేదు. ఆ దండ తీసుకొని మామ మెడలో వేశాడు. నెలాఖరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మామ మాత్రం మరుసటి రోజు నన్ను పిలిచి, తలుపు మీద చేతి వెనకభాగం ఎట్లా ఆనించాలో నేర్పించాడు. “నువ్వు యాడికన్నా పోతే పనికొస్తాది అబ్బీ,” అన్నాడు. జాగ్రత్త రంగును నేను వంకాయ రంగుగా మార్చాను. ఆ రంగు జెండా ఉన్న పార్టీ మా జిల్లాలో ఇంకా పుట్టలేదు.

ఇంత జరగడానికి అసలు కారణం ఏమిటో వారం తర్వాత మెకానిక్ వచ్చి చెప్పాడు. మూడో గది తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఒక మూల చినిగింది. అది ఏడాదికొకసారి మార్చాలి. ప్రొద్దుటూరులో దొరుకుతుంది. తలుపు కొలత ముందే రాసుకొని పోవాలి.