రాజనర్సయ్య బల్బుల చేతివాటం

రాజనర్సయ్య ఎవరింటికి వచ్చినా ముందు మనిషిని పలకరించడు, వెలుగుతున్న బల్బును ముట్టుకుంటాడు. చురుక్కుమంటే చెయ్యి దులుపుకుని, "గిది దీపం గాదు, పొయ్యి!" అని తేల్చేస్తాడు. అమీర్‌పేటలో బట్టలు కుట్టే మనిషి. వేళ్ల మీద సూదిపోట్ల కన్నా బొబ్బలే ఎక్కువ.

మా ఇల్లు పంజగుట్ట. కచేరీలో రోజంతా కాగితాలు నకలు రాసి, సైకిలు తొక్కి, ప్రాణం సోలి నేను ఇల్లు చేరేసరికి ఆయన మా స్టూలెక్కి ఉండేవాడు.

"సారయ్యా, నీ కార్బన్ బల్బు అరవై వాట్లు తాగి పదహారు మోంబత్తుల ఎలుగిస్తున్నది. టంగ్‌స్టన్‌ది తెచ్చుకో. ఇరవై అయిదే తాగి ఇంతకన్న ఎక్కువిస్తది."

"రేపు తెస్త అన్నా."

"నిన్న సుత గదే అన్నవు."

"నిన్న సుత గిట్లనే అలిసిపోయిన."

ఒక పెళ్లిలో అక్షతలు వేయడానికి లేచి, దారిలో బల్బు తగిలి, "పొయ్యి! పొయ్యి!" అని అరిచాడు. వంటవాళ్లు నీళ్ల బిందెలతో పరుగెత్తుకొచ్చారు.

ఆర్నెల్లు ఆయన పోరు పడలేక టంగ్‌స్టన్ బల్బు కొన్నాను. వారం తిరక్కుండానే ఓ సాయంత్రం చూస్తే మా ఇంట్లో పాత కార్బన్ బల్బే ఎర్రగా మూలుగుతోంది.

"రాజనర్సయ్యన్న మార్చిండు. కొత్తది నవోమి ఇంట్ల పెడతడట," అంది నా భార్య స్వరాజ్యం.

ఒళ్లు మండింది. యుద్ధం రోజులు. పట్నమంతా తిరిగినా ఇంకో బల్బు దొరకదు. మళ్లీ సైకిలెక్కాను.

నవోమి దర్జీలకు కాజాలు కుట్టి బతికే ఒంటరి మనిషి. మీటరు ఇంకింత తిరిగితే లైను పీకేస్తానని ఆమె ఇంటి యజమాని బెదిరించాడట. నేను వెళ్లేసరికి నా బల్బు కింద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"ఇప్పుడు ఓనరు సుత ఊకున్నడు సారయ్యన్నా. బల్బు మీరే పంపిండ్రని రాజనర్సయ్యన్న చెప్పిండు. దేవుడు మిమ్మల సల్లగ సూడాలె."

బల్బు అడగడానికని వెళ్లినవాణ్ణి, "ఎలుగు సాలుతున్నదా అమ్మా?" అని మాత్రం అన్నాను.

కొట్లాడదామని రాజనర్సయ్య ఇంటికి వెళ్లాను. ఆయన కిరసనాయిలు కందిలి ముందు వంగి గుండీలు కుడుతున్నాడు.

"నీ బల్బేదన్నా?"

"పోయిన నెలనే ఐలయ్య తాతకు ఇచ్చిన. ముసలాయనకు చూపు ఆనుతలేదు."

"నాది ఇచ్చేటప్పుడు జర నన్నడగొద్దా?"

"నువ్వు వచ్చుడు, తినుడు, పండుడు. నీకు పొయ్యి సాలు."

కొట్లాడే ఓపిక లేక ఇంటికి తిరిగొచ్చాను. స్వరాజ్యం గుమ్మంలోనే నిలబడి ఉంది.

"బల్బు తెచ్చిండ్రా?"

"లేదు. దాన్ని నేనే పంపిన్నట."

"ఎప్పుడు పంపిండ్రు?"

"నాకు సుత ఇప్పుడే తెలిసింది," అని సైకిలు గోడకు ఆనించాను.