జాస్ట్రోకి నచ్చని బిళ్ళలు

హార్లన్ జాస్ట్రోకి ఈ భూమ్మీద ఏ వస్తువూ మొదటిసారి నచ్చదు. రెండోసారీ నచ్చదు. మూడోసారి నచ్చినట్టే మొహం పెట్టి, "అంతా బాగానే ఉంది గానీ, ఇంకొక్క చిన్న మార్పు..." అంటాడు. ఆ మాటకి జడిసి, అమెరికాలో వాళ్ళ ఊరైన మానిటోవాక్‌లో దర్జీ ఒకాయన దుకాణం మూసేశాడని చెప్పుకుంటారు. అది అబద్ధం. దుకాణం మూయలేదు. హార్లన్ వస్తున్నాడని తెలిస్తే వెనక గుమ్మంలోంచి జారుకునేవాడు, అంతే.

ఇందులో ఆయన తప్పేమీ లేదనీ, తప్పంతా చీజ్‌దేననీ ఆయన భార్య లొరేన్ అంటుంది. హార్లన్ ఉద్యోగమంతా చీజ్ ఫ్యాక్టరీలో తనిఖీ చేయడమే. దిమ్మలోకి గొట్టం గుచ్చి, వచ్చిన ముక్కని వాసన చూసి, "ఇంకా పండలేదు" అని వెనక్కి పంపినందుకే ఆయనకి జీతం ఇచ్చేవారు. రిటైరయ్యాక దిమ్మలు పోయాయి, వెనక్కి పంపడం మిగిలింది.

"మా పెళ్ళి ఉంగరం కూడా వెనక్కి పంపుతూనే ఉన్నాడు. ఆఖరికి నేనే లాక్కుని వేలికి తొడుక్కుని, ఇక తియ్యనుగాక తియ్యనన్నాను. లేకపోతే ఇవాళ్టికీ మా పుట్టింట్లోనే ఉండేదాన్ని," అంటుంది లొరేన్.

శుక్రవారం రాత్రి వేపుడు చేపలకి హోటలుకి వెళితే, వడ్డించే అమ్మాయి హార్లన్ ముందు పళ్ళెం పెట్టి వెళ్ళదు. చెయ్యి చాపి అక్కడే నిలబడుతుంది, ఎలాగూ వెనక్కి తీసుకెళ్ళాలి కదా అని.

ఆదివారం చర్చి అయ్యాక ఆయనింటి నేలమాళిగలో పేకాట జరుగుతుంది. హార్లన్, బావమరిది గ్లెన్, వీధి చివరి బెర్నీస్ పిన్ని, చిన్ననాటి స్నేహితుడు నార్బర్ట్. డబ్బు ముట్టుకోరు, పందెం రంగు బిళ్ళలతోనే, ఒక్కో రంగుకి ఒక్కో విలువ. ఎక్కువగా ఓడినవాళ్ళు శుక్రవారం అందరికీ చేపలు తినిపించాలి. బెర్నీస్ పిన్ని భర్త పోయాక ఇంట్లో శుక్రవారం పొయ్యి వెలిగించడం మానేసింది. అంత బాగా ఆడుతుంది.

నార్బర్ట్ ఒకప్పుడు గ్రేట్ లేక్స్ అనే సముద్రాల్లాంటి సరస్సుల మీద ఇనుప ఖనిజం మోసే ఓడలకి చుక్కాని పట్టినవాడు. పొగమంచులో అవతలి ఓడ దీపం ఎరుపో ఆకుపచ్చో కెప్టెన్ కన్నా ముందు తనే చెప్పేవాడట. ఆ కథ ఆదివారానికొకసారి చెబుతాడు. అలాంటివాడు ఆ శీతాకాలం మొదట్లో ఒకనాడు, చేతిలో దమ్మిడీకి కొరగాని ముక్కలు పెట్టుకుని, అన్నిటికన్నా ఎక్కువ విలువైన నల్ల బిళ్ళ తీసి పందెంలోకి విసిరాడు. బెర్నీస్ పిన్ని రెండు రాణులతో మొత్తం ఊడ్చేసింది.

"అన్నా, నీలం బిళ్ళ వెయ్యబోయి నలుపు వేశావా? కళ్ళు నెత్తికెక్కాయేంటి?" అని గ్లెన్ పగలబడి నవ్వాడు.

"బెదిరిద్దామని వేశాన్రా. మీ పిన్ని బెదిరితేగా!" అని నార్బర్ట్ కూడా నవ్వాడు.

హార్లన్ నవ్వలేదు. ఆయన తన ముందున్న ప్లాస్టిక్ బిళ్ళని వాసన చూస్తున్నాడు.

మర్నాడే ప్రకటించాడు. "లొరేన్, ఈ బిళ్ళలు పనికిరావు. కొత్తవి చేయిస్తున్నాను. చైనాలో."

"ఇక్కడి కొట్లో దొరకవా?"

"దొరుకుతాయి. వాటిని మార్చమంటే కొట్టువాడు మార్చడు."

లొరేన్‌కి ఆ మాటతో అంతా అర్థమైంది. ఈ ఊరూ, పక్క ఊరూ అయిపోయాయి, ఇక సముద్రం దాటి వేధించబోతున్నాడు.

గ్వాంగ్‌డాంగ్ వైపు ఒక ఫ్యాక్టరీ దొరికింది. అక్కడ బేరాలు చూసే అమ్మాయి పేరు మిస్ లాన్. మర్యాద మూర్తీభవించిన పిల్ల. మొదటి నమూనా పెట్టె వచ్చింది. మట్టి కలిపి చేసిన చక్కటి బిళ్ళలు, నడుమ చిన్న ఓడ బొమ్మ. గ్లెన్ చేతిలోకి తీసుకుని, "అబ్బ! ఎంత బాగున్నాయి బావా!" అన్నాడు.

"అంచు బాలేదు," అన్నాడు హార్లన్.

రెండో పెట్టె వచ్చింది. అంచు మారింది. నున్నగా ఉందన్నాడు. మూడో పెట్టెలో గరుకు ఎక్కువైందన్నాడు. ఆ తర్వాతది బరువు చాలదన్నాడు. తపాలా బండి తెచ్చే ఆవిడ గుమ్మంలోంచే, "జాస్ట్రో గారూ, మళ్ళీ రాళ్ళొచ్చాయి!" అని కేకేసేది. మిస్ లాన్ మాత్రం ప్రతిసారీ, "తమ సూచన అమూల్యము, మార్చి పంపెదము" అనే రాసేది.

"బావా, చైనావాళ్ళు ఆ పెద్ద గోడ కట్టేటప్పుడు నువ్వు అక్కడ లేవు కాబట్టి సరిపోయింది," అన్నాడు గ్లెన్. "ఉంటే ఇప్పటికీ మొదటి ఇటుక దగ్గరే ఉండేవాళ్ళు."

ఈ గోలలో హార్లన్ పేకముక్కలు కూడా మార్చేశాడు. కొత్త కట్టలో అంకెలు అరచెయ్యంత ఉన్నాయి. ఎందుకని అడిగితే కొట్లో అవే ఉన్నాయన్నాడు. బల్ల మీద దీపం మార్చాడు. దాని వెలుగుకి బెర్నీస్ పిన్ని ఎండ టోపీ పెట్టుకుని కూర్చుంది.

ఒక మధ్యాహ్నం లొరేన్ బంగాళాదుంపల కోసం సామాన్ల గది తలుపు తీసింది. లోపల స్టూలు మీద మొగుడు, కళ్ళకి ఆవిడ ఉన్ని మఫ్లరు కట్టుకుని, ఒళ్ళో బిళ్ళలు పోసుకుని కూర్చున్నాడు.

"హార్లన్!"

"తలుపెయ్యి, వెలుతురొస్తోంది."

"కళ్ళకి గంతలు కట్టుకున్నవాడికి వెలుతురొస్తే ఏం, పోతే ఏం? ఏం చేస్తున్నావసలు?"

"చప్పుడు వింటున్నాను. కళ్ళు మూసుకుంటే చప్పుడు బాగా తెలుస్తుంది."

లొరేన్ బంగాళాదుంపలు తీసుకుని తలుపేసింది. ఆ సాయంత్రం తమ్ముడు గ్లెన్‌కి ఫోన్ చేసి, "మీ బావకి మతి తప్పుతోందేమోరా" అంది. "అక్కా, తప్పడానికి ముందుండాలిగా," అన్నాడు తమ్ముడు.

మార్చి నెలలో నార్బర్ట్ ఆట అయ్యాక కోటు వేసుకుంటూ, అదేదో చిన్న సంగతన్నట్టు చెప్పాడు. "ఈ మెట్లు నా మోకాళ్ళకి పడట్లేదర్రా. ఈస్టరు దాకా వస్తాను. ఆ తర్వాత మీరు ఇంకొకళ్ళని చూసుకోండి."

"మెట్లెక్కలేకపోతే నిన్ను మోసుకొస్తాం గానీ, నువ్వు లేకపోతే నాకు చేపలెవరు తినిపిస్తారయ్యా?" అంది బెర్నీస్ పిన్ని. ఆ నెలంతా చేపలు నార్బర్టే తినిపించాడు మరి.

హార్లన్ పైకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని మిస్ లాన్‌కి రాయడం మొదలుపెట్టాడు. లొరేన్‌కి ఒళ్ళు మండిపోయింది.

"చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన మనిషి ఆట మానేస్తానంటున్నాడు. ఉండరా అనైనా అనవా? ఆ బిళ్ళల అంచుల మీదున్న బెంగ మనిషి మీద లేదా నీకు?"

"ఈస్టరు లోపల రావాలి, లొరేన్," అన్నాడు హార్లన్, తెర మీంచి చూపు తిప్పకుండా. "అప్పటికి రాకపోతే లాభం లేదు."

ఆవిడకి పెళ్ళయ్యాక మొదటిసారి, ఈ మనిషిది చాదస్తం కాదేమో, రాతిగుండేమో అనిపించింది.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే హార్లన్ వాకిట్లో మంచు ఎత్తిపోస్తుంటే వంటింటి బల్ల మీద టాబ్లెట్ మోగింది. లొరేన్ నొక్కింది. తెర మీద గుండ్రటి కళ్ళజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి కనిపించింది. వెనక ఎవరో ముసలావిడ బల్ల ముందు కూర్చుని ఉంది. అక్కడ రాత్రి భోజనాలైనట్టున్నాయి.

"నమస్కారము అమ్మగారూ. నేను లాన్‌ను. జాస్ట్రో గారు లేరా? చివరి అచ్చు సిద్ధమైనది. మా అమ్మమ్మ పరీక్షించినది."

"మీ అమ్మమ్మా?"

"అవును. మాజాంగ్ అను మా బిళ్ళల ఆటలో మా అమ్మమ్మ బిళ్ళను చూడదు. బొటనవేలితో తడిమి చెప్పును. అందుచేత ఆమెనే అడిగితిని. చూడుడు."

ముసలావిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. గిన్నెలో చెయ్యి పెట్టి ఒక బిళ్ళ తీసి, బొటనవేలితో ఒక్కసారి రుద్ది, ఏదో అంది.

"నలుపు అనుచున్నది," అంది లాన్.

ముసలావిడ బిళ్ళని తెర దగ్గరికి తెచ్చి చూపించింది. నలుపే. ఇంకొకటి తీసింది. ఎరుపంది. ఎరుపే. బోసినోటితో నవ్వింది.

"చాలా బాగుంది తల్లీ. కానీ ఇదంతా కళ్ళు మూసుకుని ఎందుకు?" అంది లొరేన్.

"మిత్రుని కొరకు కదా! ఓడ నడిపిన మిత్రుడు. ఆయన చర్చి ముందు మంచుబొమ్మకు టోపీ తీసి, బెర్నీస్, క్షేమమా అని అడుగుట జాస్ట్రో గారు చూచినారట. రంగులు కనబడక ఓడిపోవుచున్నాడు, చెప్పుకొనుటకు అభిమానము అడ్డు..." లాన్ ఆగింది. లొరేన్ మొహం చూసి చటుక్కున నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో. మీకు తెలియదా? ఎవరికీ చెప్పరాదన్నారు."

"మరి నీకెలా చెప్పాడమ్మా?"

"నాకు చెప్పినచో భయము లేదన్నారు. నేను మీ చర్చికి రాను కదా!"

లొరేన్ కిటికీలోంచి వాకిట్లోకి చూసింది. అరచెయ్యంత అంకెలు, ఎండలాంటి దీపం, సామాన్ల గది, తన మఫ్లరు. ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది. వాకిట్లో ఆ మనిషి అప్పుడే ఎత్తిపోసిన మంచు కుప్ప వంక అసంతృప్తిగా చూసి, పారతో ఒక పక్క సర్దుతున్నాడు.

కాసేపటికి కాళ్ళు దులుపుకుంటూ లోపలికొచ్చాడు.

"ఆ చైనా అమ్మాయి ఫోన్ చేసింది," అంది లొరేన్, పొయ్యి వైపు తిరిగి. "ఈసారి బాగా కుదిరాయట."

హార్లన్ చేతిలో ఒక చేతితొడుగు అలాగే ఉండిపోయింది. "ఇంకేమైనా చెప్పిందా?"

"చప్పుడు బాగుందంది."

"ఆఁ, చప్పుడు. చప్పుడే ముఖ్యం," అని ఊపిరి పీల్చుకుని, ముందున్న గుడ్డట్టు చూసి, "అంతా బాగానే ఉంది గానీ లొరేన్, ఇంకొక్క చిన్న..."

మామూలుగా అయితే "నోరు మూసుకుని తిను" అనేది. ఆ రోజు మాట్లాడకుండా పళ్ళెం తీసుకెళ్ళి, ఇంకాస్త వేయించి తెచ్చింది. హార్లన్‌కి భయమేసింది.

ఈస్టరుకి ముందు ఆదివారం కొత్త బిళ్ళలు బల్ల మీదికొచ్చాయి. లొరేన్ ఎన్నడూ లేనిది, సాసేజీలు తెచ్చే వంకతో కిందికొచ్చి మెట్ల దగ్గర నిలబడింది.

గ్లెన్ ఒక బిళ్ళ తీసి మొహం చిట్లించాడు. "ఇదేంటి బావా? నల్లదానికి మధ్యలో గుంట! ఈ ఎర్రదానికి ముక్కు పొడుచుకొచ్చింది. నీలానికి అంచంతా గాట్లు. తెల్లది ఒక్కటే తిన్నగా ఉంది. ఇన్నాళ్ళు వేధించి వేధించి ఇవా తెప్పించావు?"

"అచ్చు చెడింది," అన్నాడు హార్లన్. "వాళ్ళు పాడుచేశారు."

"పాడైతే వెనక్కి పంపు!"

"ఎందుకులే. విసుగెత్తింది. వీటితోనే సర్దుకుందాం."

గ్లెన్ నోరు తెరుచుకుని అక్కని చూశాడు. బెర్నీస్ పిన్ని ఎండ టోపీ తీసి మరీ హార్లన్‌ని చూసింది. సర్దుకుందాం అనే మాట ఆ నోట్లోంచి వినడం అదే మొదలు. "నీకు ఒంట్లో బాగుందా హార్లన్?" అంది.

నార్బర్ట్ చేతిలోకి వచ్చిన నల్ల బిళ్ళ మీద ఆయన బొటనవేలు ఆగింది. పక్కకి జరిగి నీలాన్ని తడిమింది. ఎర్రదాని ముక్కు మీద కాసేపు నిలిచింది. మళ్ళీ నలుపు దగ్గరికొచ్చింది. ఆయన తల ఎత్తి హార్లన్ ఉన్న వైపు చూశాడు. హార్లన్ పేక కలపడంలో చాలా తీరిక లేకుండా ఉన్నాడు. రెండు ముక్కలు కింద పడ్డాయి కూడా.

"పంచరా," అన్నాడు నార్బర్ట్.

ఆట సాగింది. ముక్కలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్న నార్బర్ట్, బల్ల వంక చూడకుండానే ఒక బిళ్ళ తీసి మధ్యలోకి విసిరాడు.

"అన్నా, అది నలుపు!" అని గ్లెన్ అరిచాడు. "మళ్ళీ మొదలెట్టావా?"

"నలుపని తెలిసే వేశాన్రా. నీకు భయమైతే ముక్కలు కింద పెట్టు."

గ్లెన్ పెట్టలేదు. బెర్నీస్ పిన్నీ పెట్టలేదు, నార్బర్ట్ నల్ల బిళ్ళంటే ఆవిడకి పండగ. నార్బర్ట్ మూడు పదులూ రెండు రాజులూ బల్ల మీద పరిచాడు. తర్వాత రెండు చేతులతో బిళ్ళల కుప్పని ముందుకి లాక్కుని, ఒక్కొక్కటే తడిమి, రంగుల వారీగా దొంతరలు పేర్చాడు. ఒక్కటి కూడా తప్పు దొంతరలో పడలేదు. బెర్నీస్ పిన్ని ఆలోచనలో పడింది. వచ్చే శుక్రవారం తన పర్సు తెచ్చుకోవాలేమో, అదెక్కడ పెట్టిందో గుర్తు రావడం లేదు.

ఆట అయ్యాక అందరూ పైకెళ్ళారు. కింద ఇద్దరు స్నేహితులే మిగిలారు. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న లొరేన్‌కి మెట్ల మీంచి మాటలు వినిపించాయి.

"ఒరేయ్ హార్లన్."

"ఊఁ."

"ఈ బిళ్ళలు పాడుచేసిన పుణ్యాత్ములెవరో గానీ, వాళ్ళకి నా దండాలు చెప్పు."

కింద ఎవరో గట్టిగా ముక్కు చీదారు.

"చెబుతాలే," అన్నాడు హార్లన్.

"ఇంకో మాట. బాగు చేసిస్తామంటే మాత్రం ఒప్పుకోకు."

"అది కాదురా నార్బర్ట్, ఆ ఎర్రదాని ముక్కు ఒక్కటీ ఇంకొంచెం..."

"ఒప్పుకోకన్నానా!"

పైన లొరేన్ నవ్వు ఆపుకోలేక, కిందికి వినపడకుండా కుళాయి పూర్తిగా తిప్పేసింది.