నాన్న చెప్పని మాట, మామయ్య కొన్న కారు

మా నాన్న కార్ల మెకానిక్. పాత కారు కొనాలనుకున్నవాళ్ళు ముందు ఆయన్ని వెంటబెట్టుకెళ్ళేవాళ్ళు. ఆయన ఊ అంటే కొనేవాళ్ళు, పెదవి విరిస్తే వెనక్కి వచ్చేసేవాళ్ళు. మా షెడ్డులో పార్టులు తెప్పించడం, బిల్లులు రాయడం నా పని. కాబట్టి ఆయన మాటకి ఎంత విలువుండేదో నాకు బాగా తెలుసు. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఒక్కసారే తప్పు చేశాడు. అదీ సొంత బావ దగ్గర.

మామయ్య, అంటే మా నాన్న వాళ్ళ అక్క మొగుడు, కట్టుడు పళ్ళు తయారుచేసేవాడు. చిన్న మైనపు ముక్క ముందు మెడ వంచుకుని ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చున్నాడు. ఆయన పనిబల్ల ఎదురుగా గోడకి ఒకటే బొమ్మ ఉండేది. ఇంజనుకి ఊపునిచ్చే టర్బోలు రెండుండి, ఇంజను సీట్ల వెనకాల ఉండే పసుప్పచ్చ స్పోర్ట్స్ కారు. "ఒక్కో పన్నూ చేసినప్పుడల్లా దాని నట్టొకటి కొన్నట్టే లెక్క" అనేవాడు. ల్యాబు అమ్మేసి ఇంట్లో కూర్చున్న ఏడాదే అలాంటి కారు, పదకొండేళ్ళ పాతది, అమ్మకానికి వచ్చింది. కొత్తదాని ధరలో నాలుగో వంతు.

"నువ్వు చూసి సరేనంటేనే కొంటానురా" అన్నాడు నాన్నతో.

పొద్దున్నే ఇద్దరూ వెళ్ళారు. నాన్న ఇంజను మూత మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది.

"ఇప్పుడే గరాజులోంచి బయటికి తీశాను" అన్నాడు అమ్మే ఆయన.

గరాజు నుంచి వాకిట్లోకి రావడానికి ఇంజను అంత వేడెక్కదు. అరిగిన టర్బో గుట్టు బయటపడేది రాత్రంతా చల్లారిన ఇంజన్ని మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే. నీలం పొగ వదులుతుంది. ముందే వేడిచేసి ఉంచితే ఏమీ తెలియదు. పైగా సర్వీసు పుస్తకంలో రెండేళ్ళు ఖాళీ. "రేపొస్తాం, అప్పటిదాకా స్టార్ట్ చెయ్యకండి" అంటే సరిపోయేది. నాన్న ఆ మాట అనబోయి మామయ్య వైపు తిరిగాడు. అప్పటికే మామయ్య లోపల కూర్చుని స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడూ వంగి ఉండే మెడ నిటారుగా ఉంది.

"ఎలా ఉందిరా?"

"బావుంది బావా."

మామయ్య మొహం చూసి నోరు పెగల్లేదని నాన్న చాలాకాలం తనకు తాను చెప్పుకున్నాడు. అది సగం నిజమే. మిగతా సగం నాతో చెప్పినప్పుడు తల ఎత్తలేదు. అలాంటి ఇంజను మీద ఆయన జన్మలో చెయ్యి వెయ్యలేదట. అది మా షెడ్డుకి రావాలని ఆయనకీ ఉందట.

కారు వచ్చింది. మామయ్య కాళ్ళు నేలమీద ఆనలేదు. అత్తయ్య అందులోంచి దిగాలంటే మాత్రం ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని లాగాల్సి వచ్చేది. "కారు కాదమ్మా, గొయ్యి" అనేది. ఖర్చులు వెంటనే మొదలయ్యాయి. వెనక టైర్లు మూడు నెలలకే అరిగి నున్నబడ్డాయి. బ్రేకు డిస్కులకి, ఇన్సూరెన్సుకి పోయింది మా చిన్న కారు ఖరీదంత. ఆయిలు కూడా మామూలుది పనికిరాదు. "పాత కారని చవగ్గా ఇచ్చారు గానీ, పార్టులకి ఆ సంగతి తెలీదు" అని మామయ్యే నవ్వేవాడు.

ఐదో నెలలో సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా వెనకనుంచి నీలం పొగ కమ్మేసింది. లారీ మీద షెడ్డుకి తెచ్చారు. టర్బో విప్పాలంటే ఇంజను మొత్తం కిందికి దించాలి. దానికే నాన్నకి నాలుగు రోజులు పట్టింది. టర్బో ఇరుసుని వేళ్ళతో పట్టుకుంటే వదులు పన్నులా ఊగింది. ఐదు నెలల అరుగుదల కాదది. రెండూ కలిపే మార్చాలి. పార్టుల ధర కనుక్కున్నది నేనే. కారు కొన్న ధరలో మూడో వంతు.

మామయ్య దగ్గర అంత లేదు. తన దగ్గర పని నేర్చుకున్నవాడి ల్యాబులోనే బల్ల దగ్గర కూర్చున్నాడు మళ్ళీ. సాయంత్రాలు షెడ్డుకి వచ్చి ఇంజను పక్కన స్టూలేసుకునేవాడు.

"ఇంజను చల్లగా ఉన్నప్పుడే గట్టిగా తొక్కేశానేమోరా. ఆపేముందు రెండు నిమిషాలు ఊరికే తిరగనివ్వమన్నావు. ఒకట్రెండుసార్లు మర్చిపోయాను."

"ఏమో బావా" అనేవాడు నాన్న.

కూలి మాత్రం తీసుకోనన్నాడు. దాంతో చెల్లుకి చెల్లనుకున్నాడు గానీ అన్నం సయించేది కాదు. ఓరోజు అత్తయ్య కూడా వచ్చి, "చేతులారా పాడుచేశారు" అని మామయ్యని దెప్పింది. మరుసటి రోజు నాన్న నాకు అంతా చెప్పి, "నువ్వూ రా, ఒక్కణ్ణే వెళితే మళ్ళీ మాట మింగేస్తాను" అన్నాడు.

ల్యాబులో మామయ్య దీపం కింద ఎవరిదో దవడ అచ్చు చెక్కుతున్నాడు.

"బావా, తప్పు నీది కాదు. కొన్నరోజు ఇంజను వెచ్చగా ఉంది. నాకు అనుమానం వచ్చింది. చెప్పలేదు."

మామయ్య కత్తి పక్కన పెట్టాడు. "ఆ రోజే?"

"ఆ రోజే."

అచ్చుని దీపం కిందనుంచి పక్కకి జరిపాడు. "కారు సంగతి వదిలెయ్. నువ్వు వద్దన్నా నీతో గొడవపడి కొనేవాణ్ణేమో. కానీ ఇన్ని రోజులూ నన్ను నేను తిట్టుకుంటుంటే పక్కనే ఉండి విన్నావు. మీ అక్క అన్న మాటలూ విన్నావు."

నాన్న పక్కనున్న స్టూలు లాక్కోబోయాడు.

"వెళ్ళండి. ఇది సాయంత్రానికి ఇవ్వాలి" అన్నాడు మామయ్య, కత్తి అందుకుంటూ.

ఆ సాయంత్రమే నాన్న అక్క దగ్గరికి వెళ్ళి ఆవిడకీ చెప్పాడు. అత్తయ్య చెడామడా తిట్టి, అన్నం పెట్టి పంపింది. పార్టులకి సగం నాన్న పెట్టుకున్నాడు. మామయ్య వద్దనలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు. బాగయ్యాక కారుని వారం రోజులు నడిపి అమ్మేశాడు. కొనేవాళ్ళ కోసం నాన్న ఒక కాగితం రాసిచ్చాడు. ఏది మార్చాం, ఏది ఇంకెన్నాళ్ళు వస్తుంది, ఏడాదికి ఎంతవుతుంది, అన్నీ. అది చదివి ముగ్గురు వెనక్కి పోయారు. నాలుగో ఆవిడ ధర బాగా తగ్గించి తీసుకుంది.

అప్పట్నుంచి నాన్న కార్లు చూడ్డానికి వెళ్ళడం మానేశాడు. ఎవరైనా వస్తే పక్క వీధి మెకానిక్ దగ్గరికి పంపుతాడు. "నీ మాటంటేనే నమ్మకం అయ్యా" అంటారు వాళ్ళు. ఆ మాట పూర్తికాకముందే ఆయన ఏదో ఒక కారు కిందికి దూరిపోతాడు.

మామయ్య వస్తూనే ఉంటాడు. అన్నీ మాట్లాడతాడు, కార్ల సంగతి తప్ప. పోయిన నెల ఓ చిన్న పాత కారేసుకుని వచ్చాడు. కొన్నట్టు మాకు అంతవరకూ తెలీదు.

"ఎవరు చూశారు బావా?" అన్నాడు నాన్న.

"పక్క వీధి అతను."

"జాగ్రత్తగా చూస్తాడు" అని, నాన్న గుమ్మం దాటకుండానే వెనక్కి తిరిగి, మామయ్యకి కుర్చీ తేవడానికి లోపలికి వెళ్ళాడు. కుర్చీ వరండాలోనే ఉంది.