ఓబళప్ప చెక్కిన కొయ్య తల

ఫొటోలు తీసే మనిషికి ఆ సాయంత్రం ఇంకో చోట నామకరణం ఉండటంతో, మారతహళ్ళిలోని ఒక అపార్ట్‌మెంటు తెలుగు సంఘం వాళ్ళు ఉపన్యాసం తర్వాత చెయ్యాల్సిన సన్మానాన్ని ముందే చేసేశారు. ముఖ్య అతిథి నాగేంద్రగారికి శాలువా కప్పారు. గంధపు హారం వేశారు. పళ్ళ బుట్ట రెండు చేతుల్లోనూ పెట్టారు. చివరగా మైసూరు పేటా, అంటే ముందే కట్టి ఉంచిన జరీ తలపాగా, తలకెత్తారు. పేటా నింపాదిగా కిందికి దిగి, కనుబొమలు దాటి, కళ్ళద్దాలను కూడా కలుపుకొని ముక్కు మీద ఆగింది. చేతుల్లో బుట్ట ఉంది కాబట్టి ఆయన చెయ్యగలిగింది ఏమీ లేదు. సభ చప్పట్లు కొట్టింది. మర్యాదస్తుడు కనక ఆయన, చప్పట్లు ఏ వైపు నుంచి వినిపిస్తే ఆ వైపు తిరిగి తల వంచారు. దాంతో పేటా గడ్డం దాకా వచ్చింది.

ఆ రోజు ఉపన్యాస విషయం, లక్షల ఏళ్ళలో మనిషి మెదడు ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నది.

పేటా కట్టిన నరసింహప్ప వెనక వరసలోనే కూర్చుని ఉన్నాడు. బళేపేటలో అతని అంగడి తాతల నాటిది. సన్మానాలకూ పెళ్ళిళ్ళకూ అతను కట్టే ప్రతి పేటా, తాత ఓబళప్ప పనస చెక్కతో చెక్కిన కొయ్య తల మీదే కడతాడు. తాత కొలత తప్పదని అతను వీధంతా చెప్పుకున్నాడు. కొన్నేళ్ళుగా పేటాలు మనుషుల కళ్ళ మీదికి దిగుతున్న మాట నిజమే. అందుకని లోపల న్యూస్‌పేపరు మడిచి పెడుతున్నాడు. చెమటకు తడిసి, ఒకరిద్దరు పెళ్ళికొడుకుల నుదుటి మీద వాతావరణ వార్తలు అచ్చయ్యాయి కూడా. ఈ రోజు ఆ పేపరు మరిచాడు, అంతే.

కూతురు చైత్ర ఇదివరకే ఫైబరు తల ఒకటి తెప్పించి అటక మీద పెట్టింది. "నాయనా, ఇంకొక్క పేటా జారనీ, ముత్తాత తలను ఎత్తి లోపల పెట్టేస్తా," అని చెప్పి ఉంది. అంగడి ఇప్పుడు సగం ఆమె చేతి మీదే నడుస్తోంది గనక, అన్నంత పనీ చేస్తుంది. జారిన పేటా ఫొటో తనకంటే ముందే ఇల్లు చేరి ఉంటుందని అతనికి తెలుసు.

పేటాలోంచి బయటపడిన నాగేంద్రగారు ఏమీ జరగనట్టే మొదలుపెట్టారు. మన పూర్వీకుల మెదడు ఒకప్పుడు పెద్ద నారింజ పండంత ఉండేదన్నారు. తర్వాత మూడింతలైందన్నారు. ఆ పైన, కొన్ని వేల ఏళ్ళ కిందట, అది కొంచెం తగ్గిందని కొందరు పండితులు అంటారన్నారు. నరసింహప్ప నిటారుగా కూర్చున్నాడు. అసలు తగ్గనేలేదు, అంత మాట అనడానికి దొరికిన పుర్రెలు చాలవు అనేవాళ్ళూ ఉన్నారని ఆయన చాలాసేపు చెప్పారు. అది నరసింహప్ప వినలేదు. అతనికి కావలసింది దొరికిపోయింది.

సభ ముగియగానే వేదిక దగ్గరికి వెళ్ళాడు. "సార్, మీరు చెప్పింది నూటికి నూరు నిజం. తలలు తగ్గినాయి. మా అంగట్లో సాక్ష్యం ఉండాది, మీరొచ్చి చూడాల."

నాగేంద్రగారు నిజంగానే వచ్చారు. సోమవారం పొద్దున, జేబులో టేపు పెట్టుకుని.

"వేలేండ్లలో తగ్గేది, మా ముత్తాత నుంచి ఇప్పటికే తగ్గిపోతాదా సార్?" అంది చైత్ర, కాఫీ అందిస్తూ.

"అన్ని ఊళ్ళలో ఒకేమారు తగ్గాలని ఏముండాది," అన్నాడు నరసింహప్ప. "ఈ ఊరి ట్రాఫిక్కు చూడు. ఇక్కడ బిరీన తగ్గిండాది."

నాగేంద్రగారు కొయ్య తల చుట్టూ టేపు తిప్పారు. తన తల కొలుచుకున్నారు. మళ్ళీ కొయ్య తల కొలిచారు. "ఇంత తేడా నేనెక్కడా చూళ్ళేదప్పా. వేల ఏళ్ళలో తగ్గిందనే వాళ్ళు కూడా ఇంత తేడా చెప్పరు. మీ తాత ఎవరి తల చూసి చెక్కాడో తెలిస్తే బాగుండేది."

మూలన కూర్చుని జరీ అంచు కుడుతున్న నరసింహప్ప తల్లి పిల్లమ్మ సూది ఆపింది. "అదేం తలప్పా. అందులో సగం పాలు జుట్టే."

ముగ్గురూ అటు తిరిగారు.

"మా మామ కాలంలో పేటా పెట్టేటోళ్ళు ఎవురు? ఊరి పటేళ్ళు, లెక్కలు రాసే శానభోగులు. అందరికీ సిగ. ఆ సిగ ముడిని, దాని మీద చుట్టిన బట్టను కలిపి కొలత తీసేవాడు. ఇప్పుడు మీకు యాడుండాది జుట్టు?"

నాగేంద్రగారు అసంకల్పితంగా తన బట్టతల తడుముకున్నారు.

"ఇన్నేండ్లు యాల చెప్పలేదమ్మా?" అన్నాడు నరసింహప్ప నీరసంగా.

"నన్నెవురడిగినారు? మీరు తలకాయల గురించి కొట్లాడుకుంటాంటిరి. నేను నా పని చూసుకుంటి."

నాగేంద్రగారు అతని భుజం తట్టారు. "మా పండితుల గొడవా సగం ఇదే. ఏం కొలిచామో తేలకముందే పోట్లాటకు దిగుతాం." అది ఓదార్పుగా అన్నదే గాని, నరసింహప్ప ముఖం వికసించలేదు. ఆయన వెళ్ళాక కొయ్య తలను కొంగుతో తుడవమని తల్లికివ్వబోయి, తనే పంచె అంచుతో తుడిచాడు. చైత్ర అటక మీది ఫైబరు తలను దించి, కొయ్య తలను గాజు బీరువాలో అందరికీ కనపడేటట్టు నిలబెట్టి, తాళం చెవి తండ్రికే ఇచ్చింది.

కొత్త తల మీద కట్టిన మొదటి పేటా మారతహళ్ళి సంఘానికే వెళ్ళింది. మర్నాడు సంఘం కార్యదర్శి మోహన్‌కుమార్ ఫోను చేశాడు.

"అంకుల్, ఈసారి మరీ టైట్ అండి. గెస్ట్‌కి ఫోర్‌హెడ్ మీద గీత పడిపోయింది, తీసేటప్పుడు ఇద్దరం లాగాల్సి వచ్చింది. ఏంటిది?"

నరసింహప్ప కూతురి వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అట్లయితే సార్, తలలు మళ్ళీ పెరిగేకి మొదలుపెట్టిండాయి."